విపత్తులో పశువులు చనిపోతే అమెరికా కౌంటీలో ప్రభుత్వ సహాయం పొందడం ఎలా?

2024 ఫిబ్రవరి 26న టెక్సాస్‌లోని పాన్‌హ్యాండిల్ ప్రాంతంలో రాజుకున్న స్మోక్‌హౌస్ క్రీక్ కార్చిచ్చు పది లక్షల ఎకరాలకు పైగా నేలను కాల్చివేసింది. హెంప్‌హిల్ వంటి పశుపోషక కౌంటీలలో (మన జిల్లాల వంటి పాలనా విభాగాలలో) మందలకు మందలు చనిపోయాయి. ఇటువంటి నష్టానికి అక్కడి ఫెడరల్, అంటే కేంద్ర, ప్రభుత్వం సొమ్ము ఇస్తుంది. అయితే తుపాను వెలిసిన తరువాత మన ఊళ్లలో అధికారులు పొలానికి వచ్చి పంట నష్టం రాసుకున్నట్టు అక్కడ జరుగుతుందని ఆశించకూడదు. నష్టాన్ని తెలియజేసి ఋజువు చేసుకోవలసిన బాధ్యత రైతుదే.

అందువల్ల మొదటి పని కళేబరాలను పూడ్చకముందే లెక్కించడం. మంటల్లో వెంట్రుకలు కాలిపోతే ఒంటిపై వేసిన ముద్ర కనిపించదు, చెవి ట్యాగు కరిగిపోతుంది. కాబట్టి ప్రతి పశువునూ తేదీ తెలిసేలా ఫొటో తీసి, అది ఆవో, దూడో, ఆబోతో, సుమారు బరువెంతో అక్కడికక్కడే రాసుకోవాలి. పశువైద్యుడి ధ్రువపత్రం, కొనుగోలు రసీదులు, బ్యాంకు రుణపత్రాలలోని మంద లెక్క, బంధువు కాని పొరుగువారి సాక్ష్యం ఎంతో పనికివస్తాయి. ఇల్లూవాకిలీ కాలిపోయిన మనిషిని ఈ పని చేయమనడం కష్టమే, కానీ బుల్డోజర్ గోతిని పూడ్చేసిన తరువాత ఈ ఆధారం మళ్లీ దొరకదు.

తరువాత అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీకి కౌంటీలో ఉన్న కార్యాలయానికి ఫోను చేసి నష్టాన్ని తెలియజేయాలి. నష్టం జరిగిన ఏడాది ముగిశాక మార్చి మొదటి రోజుల వరకు గడువు ఉన్నా, అంతవరకు ఆగడం మంచిది కాదు.

ఏ నష్టానికి ఏ పథకమో తెలుసుకోవడమే ఇందులో అసలు చిక్కు. చనిపోయిన పశువులకు లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రాం వర్తిస్తుంది. మందలో ఏటా మామూలుగా జరిగే మరణాలను మించిన వాటికి సగటు మార్కెట్ విలువలో 75 శాతం చెల్లిస్తారు. గిట్టలు కాలి నిలబడలేక తక్కువ ధరకు అమ్మిన పశువులకూ సహాయం ఉంటుంది కనుక అమ్మకపు రసీదులు దాచుకోవాలి. కరువు వల్ల మేత పోతే లైవ్‌స్టాక్ ఫోరేజ్ పథకం ఉంది. వారం వారం వెలువడే కరువు పటంలో కౌంటీ ఏ స్థాయిలో ఉందన్న దానిని బట్టే అర్హత వస్తుంది. అగ్ని విషయంలో మాత్రం ఈ పథకం ఫెడరల్ భూములలోని మేతకే పరిమితం. సొంత బీడు కాలినవారు ఈల్యాప్ అనే మరో పథకం గురించి అడగాలి. కాలిన కంచెలకు ఎమర్జెన్సీ కన్జర్వేషన్ ప్రోగ్రాం ఉంది. కార్యాలయాన్ని సంప్రదించకుండా కొత్త కంచె పని మొదలుపెడితే ఆ ఖర్చుకు సహాయం అందకపోవచ్చు.

దరఖాస్తుతో పాటు సాగు వివరాల పత్రం, ఆదాయ ధ్రువీకరణ, నేల సంరక్షణ నిబంధనలకు కట్టుబడతామనే పత్రం, బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలి. ఏడాది సగటు ఆదాయం సాధారణంగా 9 లక్షల డాలర్లు మించితే అర్హత పోతుంది. ఇతరుల భూమిని కౌలుకు తీసుకుని మేపేవారు కౌలు పత్రం కూడా వెంట తీసుకువెళ్లాలి.

దరఖాస్తును కౌంటీ కమిటీ పరిశీలిస్తుంది. అందులో రైతులు తమలో నుంచి ఎన్నుకున్న సభ్యులుంటారు. తిరస్కరిస్తే నిర్ణయం తెలిపే ఉత్తరం అందిన 30 రోజులలోగా పునఃపరిశీలన కోరవచ్చు, లేదా పైస్థాయికి అప్పీలు చేసుకోవచ్చు. ఆ ఉత్తరం వచ్చిన తేదీని కవరు మీదే రాసి, కవరును కూడా ఫైలులో ఉంచుకోవాలి.