వానలు మొదలవకముందే సిల్ట్, స్లడ్జ్ సంగతి తేల్చేసుకోండి

మృగశిర కార్తె దగ్గరపడిందంటే హైదరాబాద్‌లో జలమండలి వాళ్లు జెట్టింగ్ మిషన్లతో డ్రైనేజీ లైన్లు క్లీన్ చేయిస్తారు. మంచిదే. కానీ మ్యాన్‌హోల్లోంచి తీసిన నల్ల బురదను, అంటే సిల్ట్‌ను, మూత పక్కనే కుప్ప పోసి వెళ్లిపోతే అదంతా బూడిదలో పోసిన పన్నీరే, ఎందుకంటే ఒక్క గట్టివాన కొడితే చాలు, ఆ ఇసుక, పాల కవర్లు, వెంట్రుకల ఉండలు అన్నీ తిరిగి అదే లైన్లోకి దిగుతాయి. అందుకని మీ వీధిలో పని జరుగుతున్నప్పుడు ఎవరో ఒకరు దగ్గరుండండి. నీరు ఓడడానికి ఒక పూట వదిలేస్తే సరే, ఎత్తుకెళ్లే బండి ఎప్పుడొస్తుందో మాత్రం అక్కడే అడగండి. రాకపోతే ఫోటో తీసిపెట్టుకుని 155313కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ రాసుకోండి. కుండీలకు ఎరువని ఆ మట్టి ఇంటికి తీసుకెళ్లేవాళ్లూ ఉంటారు, వద్దండీ బాబూ, అందులో బ్లేడు ముక్కల నుంచి నులిపురుగుల గుడ్ల దాకా ఏదైనా ఉండొచ్చు.

ఎంత అర్జెంటైనా మ్యాన్‌హోల్ లోపలికి మనిషిని దింపొద్దు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తేనే గ్యాస్ ఉన్నట్టని చాలామంది లెక్క. కానీ ఆ వాసన తెచ్చే గ్యాస్, హైడ్రోజన్ సల్ఫైడ్, గాలిలో 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు) దాటితే ముక్కు మొద్దుబారిపోయి అసలు వాసనే తెలియదు. ఒకడు పడిపోతే, వాణ్ని లాగబోయి రెండోవాడూ పోతాడు. అగ్గిపుల్ల గీసి చూడటం ఇంకా ఘోరం, మీథేన్ ఉంటే పేలుతుంది. రక్షణ ఏర్పాట్లు లేకుండా దింపడం, మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, పని చెప్పిన ఇంటి ఓనరు కూడా ఇరుక్కుంటాడు. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. డబ్బిస్తే మనిషి తిరిగొస్తాడా, అది వేరే మాట.

అపార్ట్‌మెంట్‌లో సొంత ఎస్టీపీ, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు, ఉన్నవాళ్లకు అసలు టెన్షన్ అందులో మిగిలే చిక్కటి బురద, స్లడ్జ్‌తోనే. స్లడ్జ్‌లోని నీళ్లు పిండేసే ఫిల్టర్ ప్రెస్ నుంచి వచ్చిన గట్టి ముద్దను (కేకును) సంచుల్లో కట్టి ర్యాంపు కింద పేరుస్తారు, వాన నీళ్లు తగిలాయంటే అది మళ్లీ బురదై కారుతుంది. వానలకు ముందే ఆ సంచులు పంపించేయండి, స్లడ్జ్ ట్యాంకు ఖాళీ చేయించండి. స్లడ్జ్‌ను ఆరుబయట డ్రైయింగ్ బెడ్ల (ఆరబెట్టే మడుల) మీద ఆరబెట్టేవాళ్లైతే ఎండ ఉండగానే కానివ్వాలి, ముసురు పట్టాక అది ఎండదు. జనరేటర్‌కు డీజిల్ ఉందో లేదో కూడా చూసుకోండి, కరెంటు పోయి ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయర్ గంటల తరబడి ఆగితే, మురుగును శుద్ధి చేసే బ్యాక్టీరియా గాలి అందక చచ్చి, బిల్డింగంతా కంపు. ఇంకో సంగతి, వానలో కలిసిపోతుందిలే అని రాత్రిపూట స్లడ్జ్‌ను వరద కాలువలోకి వదిలే ఆపరేటర్లు ఉంటారు. ఆ వాల్వుకు తాళం వేయించి, తాళంచెవి కమిటీ దగ్గర పెట్టుకోండి.

శివార్లలో సెప్టిక్ ట్యాంకులవాళ్లు రెండు మూడేళ్లకోసారి తీయించాలి, అదీ వానలకు ముందే. భూగర్భజలం పైకొచ్చాక ఖాళీ చేస్తే ఫైబర్ ట్యాంకు పైకి తేలి పైపులు విరిగే ప్రమాదం ఉంది. తక్కువకు వస్తానన్న ట్యాంకరువాణ్ని ఎక్కడ పోస్తావని అడగండి. ఎస్టీపీ పేరు చెప్పకుండా నసిగాడంటే ఏ చెరువులోనో, నాలాలోనో పోస్తాడనే అర్థం. సెప్టిక్ ట్యాంకు క్లీనింగ్ హెల్ప్‌లైన్ 14420కి ఫోన్ చేసి బండి పిలిపించుకోవడం మేలు.

డాబా మీది వాన పైపు డ్రైనేజీకి కలిపి ఉంటే తీసేసి ఇంకుడు గుంతకు తిప్పండి. వీధిలో నీళ్లు నిలిచాయని మ్యాన్‌హోల్ మూత మాత్రం ఎత్తొద్దు. నీళ్ల కింద ఆ గుంత ఎవరికీ కనపడదు, పైగా రోడ్డు మీది చెత్తంతా లైన్లోకి పోతుంది.