దీపావళికి ఇంటికి ‘డార్క్ లుక్’ తెచ్చుకుంటున్నారా? సోఫా వెనక ఏముందో ముందు చూడండి

కిందటి ఆదివారం మా వెనక వీధిలో ఒక అద్దె ఫ్లాట్‌లో కర్టెన్లు అంటుకున్నాయి. ఇంట్లోవాళ్ళు పెళ్ళికి వెళ్ళారు. కింద వాటావాళ్ళు పొగ చూసి మెయిన్ ఆపించి, తలుపు పగలగొట్టారు కాబట్టి హాలుతో సరిపోయింది. మర్నాడు నేనూ వెళ్ళి చూశాను. సోఫా వెనక, మసిబారిన గోడ వారన, కరిగి ముద్దయిపోయిన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి. దాంట్లో గుచ్చిన ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు. అదే ఉంటుందని మెట్లెక్కుతున్నప్పుడే అనుకున్నాను.

అద్దె ఇళ్ళని తక్కువ ఖర్చులో సర్దిపెట్టడం నా పని. ఈ రెండు మూడేళ్ళుగా అందరూ అడిగేది ఒకటే: ఒక గోడకి బాటిల్ గ్రీనో నేవీ బ్లూనో, వెల్వెట్ కర్టెన్లు, రెండు ఇత్తడి బిందెలు, మూలమూలనా పసుపు వెలుతురు. పదిహేను వేలలో ఇల్లు పెద్ద హోటల్ లాబీలా కనపడాలి. కనపడుతుంది కూడా, అందులో అబద్ధం లేదు. టపాసులు ఎక్కడ కాల్చాలి, పిల్లలకి ఏ బట్టలు వెయ్యాలి లాంటివి మీకు ప్రతి ఏడూ చెప్తూనే ఉంటారు. అవి వదిలేస్తున్నాను.

అసలు ఈ లుక్‌లోనే ఒక చిక్కుంది. మన ఇళ్ళు ట్యూబ్‌లైటు కోసం కట్టినవి. గదికి పైన ఒక లైటు, ఒక ఫ్యాను, తలుపు పక్కన స్విచ్‌బోర్డు, అందులో ఒకటో రెండో ప్లగ్గులు. ఈ మసక అందం రావాలంటే ఆ ట్యూబ్‌లైటు ఆపేసి, నాలుగైదు చిన్న దీపాలు కింది ఎత్తులో, మూలల్లో వెలగాలి. మూలల్లో ప్లగ్గులుండవు. అప్పుడు ఎక్స్‌టెన్షన్ బోర్డు వస్తుంది. దాని వైరు చాలదు. ఇంకోటి తెచ్చి దానికి గుచ్చుతారు. చూడ్డానికి బాగోదని రెండింటినీ సోఫా వెనక్కి తోసి, కర్టెన్ లాగేస్తారు.

ఎక్స్‌టెన్షన్‌కి ఎక్స్‌టెన్షన్ తగిలించకండి. ఈ వ్యాసంలో ఇంకేం చదవకపోయినా ఇది చదవండి.

"ఎల్ఈడీలే కదండీ, ఎంత కరెంటు తాగుతాయి?" అంటారు. నిజమే, లైట్లన్నీ కలిపినా వంద వాట్లు దాటవు. కొంప ముంచేది లైట్లు కాదు. పండగ అయిపోయాక కూడా ఆ బోర్డు అక్కడే ఉండిపోతుంది, అదీ కొంప ముంచేది. ఒకరోజు పొద్దున్నే ఎవరో దానికే ఇస్త్రీపెట్టె పెడతారు. చుట్టాలొస్తే హాల్లో టీకి కెటిల్ పెడతారు. మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు 6 యాంప్స్‌ది. 230 వోల్టుల దగ్గర అది మోయగలిగింది 1,380 వాట్లు. ఇస్త్రీపెట్టె ఒక్కటే 1,000. కెటిల్ 1,500. ఇండక్షన్ స్టవ్ 2,000. లెక్క మీరే వేసుకోండి.

"ఎక్కువైతే ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్చి) పడిపోతుందిగా?" పడదు. గోడ లోపలి వైరు లావుది, ఆ ప్లగ్గులకి చాలా ఇళ్ళలో 16 యాంప్స్ ఎంసీబీ ఉంటుంది. అది కాపలా కాసేది గోడలోని వైరుకి. మీ బోర్డు తీగ సాధారణంగా 0.75 చదరపు మిల్లీమీటర్లు, చౌకవాటిలో ఇంకా సన్నం. 10, 12 యాంప్స్ పారుతుంటే ఎంసీబీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, ఇటు తీగ ఉడికిపోతుంది. లూజు కాంటాక్టు ఇంకా ఘోరం. పిన్ను సాకెట్లో సరిగ్గా కూర్చోకపోతే తక్కువ కరెంటుకే అక్కడ వేడి పుడుతుంది, ఏ ఎంసీబీ దాన్ని పట్టలేదు. బోర్డుకి బోర్డు గుచ్చిన కొద్దీ అలాంటి జాయింట్లు పెరుగుతాయి. దాని మీద వెల్వెట్ కప్పితే వేడి పోయే దారి కూడా ఉండదు.

మంట కన్నా పొగ ముందు చంపుతుంది. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో అగ్నిప్రమాదంలో 17 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూట్ అని అప్పట్లో అధికారులు అనుమానించారు. చాలామందిని తీసుకెళ్ళింది పొగే. ఆ సంగతి గుర్తుపెట్టుకుని మీ హాలు చూడండి: ఫోమ్ సోఫా, పాలిస్టర్ కర్టెన్లు, గోడకి పీవీసీ ప్యానెళ్ళు, అన్నీ తలుపు దారిలోనే.

మరి మూలల్లో వెలుతురు ఎలా? దారులున్నాయి, ఖర్చు కూడా పెద్దది కాదు.

మొదటిది, దీపాన్ని ప్లగ్గు దగ్గరికి తీసుకురండి. సోఫా ఎక్కడ వెయ్యాలో ముందు తేల్చుకుని తర్వాత ప్లగ్గు కోసం వెతుక్కోవడం తిరగబడ్డ పని. రెండోది చాలామందికి తట్టదు: మన ఇళ్ళలో దాదాపు ప్రతి గదికీ జీరో బల్బు పాయింటు ఒకటి గోడ మీద ఉంటుంది. దానికి స్విచ్చి వేరే, వైరు గోడలోనే. ఆ హోల్డరు తీయించి అక్కడో ఇత్తడి వాల్‌లైటు పెట్టించండి. ఒక్కదానితోనే గది రూపు మారిపోతుంది. మూడోది, ఛార్జింగ్ టేబుల్ ల్యాంపులు. పుస్తకాల అర మీదకీ దేవుడి గది మూలకీ అవే మేలు. ఇవేవీ కుదరకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గోడ వెంబడి ప్లాస్టిక్ కేసింగ్‌లో వైరు లాగించి, రెండు ప్లగ్గులు పెట్టించండి. ఇంటి ఓనర్‌కి ముందు వాట్సాప్‌లో రాసి అడగండి, అడ్వాన్సులో కోతలుండవు.

స్ట్రిప్ లైట్ల దగ్గర చూసుకోవాల్సింది అడాప్టర్. మీటరుకి 14 వాట్ల రకం 5 మీటర్ల చుట్ట అంటే 70 వాట్లు. 12 వోల్టుల దగ్గర దాదాపు 6 యాంప్స్. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో బేరమాడి స్ట్రిప్ తగ్గించుకుని, దానికి 2 యాంప్స్ అడాప్టర్ కట్టించుకొచ్చేవాళ్ళని ఎంతమందినో చూశాను. ఆ అడాప్టర్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. 7, 8 యాంప్స్‌ది తీసుకోండి. చుట్ట విప్పకుండా వెలిగించి చూడకండి, చుట్ట లోపలి వేడి బయటికి పోలేదు. గాజు బుడ్డిలో తీగ కనపడే పాతకాలపు బల్బులు బాగుంటాయి కానీ 40 వాట్ల అసలు తీగవి పొయ్యిలా కాలుతాయి. అచ్చం అలాగే ఉండే 4 వాట్ల ఎల్ఈడీలు దొరుకుతున్నాయి. అట్ట మీద 2700 కెల్విన్ (పసుపు వెలుతురు) అని ఉన్నది అడగండి. 6500 అయితే ఇల్లు మందుల షాపులా ఉంటుంది.

గోడ సంగతి. మనవాళ్ళు వానలు తగ్గీ తగ్గకముందే, దసరా ముందు రంగులు మొదలుపెడతారు. తెల్ల గోడ మీద చెమ్మ కొంతకాలం దాగుతుంది. ముదురు రంగు మీద దాగదు, నెల తిరక్కుండా ఉప్పు పొంగి తెల్లటి మచ్చలు పడతాయి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవర్ ముక్క గోడకి నాలుగు పక్కలా టేపు వేసి అంటించండి. రెండు రోజులయ్యాక లోపలివైపు నీటిచుక్కలు కనపడితే ఈ ఏడు ఆ గోడ జోలికి పోకండి. వాల్‌పేపర్ అంటిస్తే లోపల బూజు పడుతుంది. ఆ చెమ్మ గోడకే స్విచ్‌బోర్డు ఉంటే రంగు కన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. గోడ ముట్టుకుంటే జిల్లుమంటోందని చెప్తూనే దాని మీద స్ట్రిప్ అంటించమని అడిగినవాళ్ళున్నారు.

పెద్ద అద్దం ఈ లుక్‌కి ప్రాణం, ఒక దీపాన్ని రెండు చేసి చూపిస్తుంది. డబుల్ సైడ్ టేపు మీద వేలాడదీయకండి. డ్రిల్ చేసి, ఆ కన్నంలో స్క్రూ పట్టే ప్లాస్టిక్ ప్లగ్గు దించి, స్క్రూ బిగించండి. స్విచ్‌బోర్డుకి సూటిగా పైనా కిందా మాత్రం డ్రిల్ పెట్టకూడదు, గోడ లోపల పైపు అటే వెళ్తుంది. పిల్లల మంచం మీద గోడకి అద్దం వద్దు.

ఇంక మిగిలినవి ఒక వరసలో చెప్పుకుపోతాను.

బేగంబజార్లో కర్టెన్లు కొనండి, ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత కుర్చీలు కొనండి, మురిసిపోండి. పాత బోర్డు, పాత వైరు, పాత అడాప్టర్ మాత్రం సంతలో కొనకండి. దుబారా చెయ్యాలనుకుంటే బోర్డు మీద చెయ్యండి. ఐఎస్ఐ గుర్తు ఉంటే చాలదు, దాని కింది లైసెన్సు నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి.

బాల్కనీలో వానకి తడిసే చోట ఇంట్లో వాడే సీరియల్ సెట్ వద్దు. ఇనుప గ్రిల్లుకి అసలు చుట్టకండి.

బల్బు హోల్డర్లో పెట్టే ప్లగ్గు సాకెట్ ఉంటే పారెయ్యండి.

15 యాంప్స్ పిన్నుని 5 యాంప్స్ సాకెట్లో పట్టించే కన్వర్టర్ కూడా.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని పెద్దది వేయించుకోకండి. అది పని చేస్తోంది. తప్పు మీ బోర్డుది.

ఎక్స్‌టెన్షన్‌కి ఎక్స్‌టెన్షన్ తగిలించకండి.

బోర్డు కర్టెన్ వెనక వద్దు. పరుపు కింద వద్దు. తివాచీ కింద వైరు వద్దు. కనపడితే కనపడనీయండి.

మిగిలిన వైరు చుట్టలు చుట్టి రబ్బరు బ్యాండు వేసి దాచకండి, పరిచి ఉంచండి.

అరగంట వెలిగాక ప్లగ్గు మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే. చుర్రుమంటే పీకెయ్యండి. చేపల కంపులాంటి వాసన, ప్లాస్టిక్ మాడే వాసన వస్తే ‘పక్కింట్లోనిదేమో’ అనకండి. మెయిన్ ఆపి వెతకండి.

వెనక గోడకి థర్మకోల్ వద్దు. ఫోమ్ ఇటుకల స్టిక్కర్లు స్విచ్‌బోర్డు చుట్టూ వద్దు.

లక్ష్మీపూజకి తలుపులు తీస్తారు, గాలి వస్తుంది. ప్రమిదలు పెట్టేముందు ఆ గుమ్మాల కర్టెన్లు పైకి మడిచి గట్టిగా కట్టండి. గాలికి ఊగే వాటిని నమ్మకండి. వీలైతే ఆ పూటకి తీసెయ్యండి.

సెంటు కొవ్వొత్తి చెక్క అర లోపల వెలిగించకూడదు. పై అరకి మంట తగలక్కర్లేదు, వేడి చాలు. వెలుగుతున్న దీపం ఉన్న గదిలో రూమ్ స్ప్రే కొట్టకండి.

పట్టుచీరలు వెనక తెరగా కట్టి వాటి మీదే సీరియల్ సెట్ వేలాడదీస్తున్నారు. చీరకీ వైరుకీ మధ్య జానెడు ఎడం ఉంచండి. జరీలో లోహం ఉంటుంది, ఎక్కడైనా వైరు పొర లేచి ఉంటే చీర మొత్తానికి కరెంటు పాకవచ్చు.

నిద్రపోయేముందు స్విచ్చి కాదు, ప్లగ్గు తీసెయ్యండి. ఊరెళ్తుంటే ఫ్రిజ్ వదిలి మిగతా ఎంసీబీలన్నీ దించెయ్యండి.

బయటికి వెళ్ళే దారిలో ఇత్తడి బిందె, కుండీ, దివాన్, ఏవీ వద్దు. పొగలో కళ్ళు కనపడవు. కాలికి తగులుతాయి.

నిప్పు పడితే ముందు మెయిన్. మెయిన్ ఆపకుండా కరెంటు మంట మీద నీళ్ళు పొయ్యకండి. కరెంటు మంటలకీ పనికొచ్చే ఏబీసీ రకం ఎక్స్‌టింగ్విషర్ చిన్నది ఒకటి తలుపు దగ్గర ఉంచండి, అందానికి అడ్డమని లోపల దాచకండి. అది చేతికి అందకపోతే మనుషులు బయటికి, తలుపు మూసి, 101. కరెంటు స్తంభం దగ్గర మంటలైతే 1912.

కాలితే 20 నిమిషాలు కుళాయి కింద పెట్టండి. పేస్టు వద్దు, సిరా వద్దు, ఐసు వద్దు.

ఎక్స్‌టెన్షన్‌కి ఎక్స్‌టెన్షన్ వద్దు. "ఒక్క పూటకే కదా" అనకండి. మా వెనక వీధివాళ్ళు కూడా వరలక్ష్మీవ్రతానికని ఒక్క పూటకే పెట్టారు.

కార్తీక పౌర్ణమి మర్నాడు సీరియల్ సెట్లు, స్ట్రిప్‌లు, బోర్డు అన్నీ విప్పి అటక మీద పెట్టండి. సంక్రాంతికి చుట్టాలొస్తారు, అందాకా ఉండనిద్దాం అంటారు మీ ఇంట్లో. వినకండి.