రోటరీ విమానం వేడెక్కుతోందా: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి పరిష్కారం

సొంతంగా కట్టుకున్న విమానంలో మాజ్డా కార్ల 13బి రోటరీ ఇంజిన్ పెట్టుకున్నవాళ్లు నలుగురు కలిస్తే మాట వేడి దగ్గరికే వస్తుంది. ఇంజిన్ మీద పెద్దగా ఫిర్యాదులుండవు. పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. రెండు రోటర్లు, 1308 సీసీ, గేర్‌బాక్స్ ద్వారా ప్రొపెల్లర్‌ని తిప్పుతూ 6000 ఆర్‌పీఎం దగ్గర హాయిగా పనిచేస్తుంది. తంటా అంతా కూలింగ్‌తోనే. (మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల్లో సిలిండర్లే గిరగిరా తిరిగే ఇంజిన్లనీ రోటరీ అనే అనేవారు. ఇక్కడ చెప్పేది వాంకెల్ రకం, అంటే గూటిలో మూడు మూలల రోటర్ తిరిగే ఇంజిన్ గురించి.)

కారులో ఇదే ఇంజిన్ పూర్తి పవర్ ఇచ్చేది ఏ కొన్ని సెకన్లో. విమానంలో టేకాఫ్ నుంచి నిమిషాల తరబడి ఇవ్వాలి, అదీ గాలి వేగం తక్కువగా ఉండే క్లైంబ్‌లో, అంటే పైకి ఎక్కుతున్నప్పుడు. పైగా రోటరీలో మంట ఎప్పుడూ ఒకే వైపు, స్పార్క్ ప్లగ్గుల పక్కనే. ఆ వైపు కాలిపోతుంటే ఇన్‌టేక్ వైపు చల్లగా ఉంటుంది. అల్యూమినియం రోటర్ హౌసింగులు, పోత ఇనుము సైడ్ హౌసింగులు పక్కపక్కన పేర్చి పొడవాటి బోల్టులతో బిగించి ఉంటాయి. వాటి మధ్య కూలెంట్‌ని (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని) ఆపేవి సన్నటి రబ్బరు సీళ్లు. ఇంజిన్ ఒక్కసారి బాగా మరిగితే ముందు పోయేవి అవే.

మేముండే టెక్సాస్‌లో ఎండాకాలం రెంటచింతలని గుర్తు చేస్తుంది. నరసరావుపేట నుంచి వచ్చిన నా మిత్రుడొకడు తన రెండు సీట్ల విమానాన్ని ఐదేళ్లు కష్టపడి కట్టుకున్నాడు. మొదటి వేసవిలో 1500 అడుగులు ఎక్కేసరికి కూలెంట్ 108 డిగ్రీలు. దిగగానే, "అన్నా, ముక్కు దగ్గర గాలి లోపలికొచ్చే రంధ్రాలు చిన్నవయ్యాయి, కోసేద్దాం" అన్నాడు. నేనూ సరే అన్నాను. ఫైబర్‌గ్లాస్ కోసి, పెద్దవి చేసి, మళ్లీ రంగు వేసేసరికి నెల పోయింది. వేడి తగ్గింది రెండు డిగ్రీలు. అసలు కారణం వేరే చోట ఉంది, అదేంటో కింద చెబుతాను. ఆ నెల మీకు పోకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు నాలుగు కొలతలు

రేడియేటర్‌లోకి వెళ్లే కూలెంట్ ఉష్ణోగ్రత, బయటికి వచ్చే కూలెంట్ ఉష్ణోగ్రత, రేడియేటర్ వెనక గాలి ఉష్ణోగ్రత, కూలెంట్ ప్రెజర్. ఈ నాలుగూ కాక్‌పిట్‌లో కనబడాలి. (డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే చెబుతున్నాను.)

ఒక లెక్క చూడండి. 180 హార్స్‌పవర్ దగ్గర కూలెంట్ 70 కిలోవాట్ల వేడి మోస్తోందనుకుందాం. పంపు నిమిషానికి 90 లీటర్లు తోస్తుంటే, సగం నీళ్లు సగం గ్లైకాల్ ఉన్న కూలెంట్ రేడియేటర్ దాటేసరికి సుమారు 12, 13 డిగ్రీలు చల్లబడుతుంది. ప్రవాహం సగానికి పడిపోతే ఆ తేడా 25 అవుతుంది. అంటే తేడా బాగా ఎక్కువుంటే కూలెంట్ సరిగ్గా తిరగడం లేదు. తేడా మామూలుగానే ఉండి మొత్తం వేడి ఎక్కువైతే అనుమానించాల్సింది గాలిని.

గాలి ఉష్ణోగ్రత ఇంకొంచెం చెబుతుంది. రేడియేటర్ వెనక గాలి దాదాపు కూలెంట్ అంత వేడిగా ఉంటే గాలి చాలడం లేదు. గోరువెచ్చగానే ఉంటే గాలి రేడియేటర్ లోపలి నుంచి కాకుండా పక్కనుంచి జారిపోతోంది, లేదా రేడియేటర్‌లో కొంత భాగానికి కూలెంటే అందడం లేదు.

లక్షణం: క్లైంబ్‌లో ఉడుకుతుంది, క్రూజ్‌లో (సమంగా ఎగిరేటప్పుడు) చల్లబడుతుంది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. 90 నాట్ల దగ్గర ఎదురుగాలి ఇచ్చే ప్రెజర్ 5 అంగుళాల ఎత్తు నీళ్లు ఇచ్చే ప్రెజర్‌కి కొంచెం ఎక్కువ. 160 నాట్ల దగ్గర అది మూడు రెట్లు దాటి 16 అంగుళాలకు పైనే ఉంటుంది. క్రూజ్‌లో ఇంత ప్రెజర్ ఉంటే డక్టు (గాలిని రేడియేటర్‌కి చేర్చే దారి) ఎంత అధ్వానంగా ఉన్నా గడిచిపోతుంది. క్లైంబ్‌లో ఉన్న ఆ ఐదు అంగుళాల్లో ఒక్కటి పోగొట్టుకున్నా కష్టమే.

ఎంత గాలి కావాలి? గాలి 40 డిగ్రీలు వేడెక్కి బయటికి పోతుందనుకుంటే, 70 కిలోవాట్లు మోయడానికి సెకనుకి సుమారు 1.45 ఘనపు మీటర్లు కావాలి. 90 నాట్ల దగ్గర దీనికి ముందు రంధ్రాలు రెండూ కలిపి కనీసం 315 చదరపు సెంటీమీటర్లు ఉండాలి. మా వాడివి మొదటి నుంచీ అంతకంటే పెద్దవే.

ప్రెజర్ ఎక్కడ పోతోందో పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. స్పేర్‌గా ఉన్న ఎయిర్‌స్పీడ్ మీటర్ చాలు. దాని పిటాట్ గొట్టాన్ని (ఎదురుగాలి ప్రెజర్ తీసుకునేది) రేడియేటర్ ముందు, స్టాటిక్ గొట్టాన్ని (మామూలు గాలి ప్రెజర్ తీసుకునేది) రేడియేటర్ వెనక పెట్టండి. 90 నాట్లతో ఎక్కుతున్నప్పుడు ఆ మీటర్ 64 నాట్లు చూపిస్తే ఎదురుగాలి ప్రెజర్‌లో సగం రేడియేటర్‌కి దక్కుతున్నట్టు. ఎందుకంటే ప్రెజర్ వేగానికి వర్గంలో మారుతుంది. గొట్టం చివర ఒక్క రంధ్రం కాకుండా, పొడవునా సన్నటి రంధ్రాలు పెట్టి రేడియేటర్ ముఖానికి అడ్డంగా పరిస్తే సగటు తెలుస్తుంది. విమానం అసలు పిటాట్ లైనుకి మాత్రం చెయ్యి పెట్టొద్దు.

తర్వాత ముందు వైపు, వెనక వైపు ప్రెజర్లని విడివిడిగా స్టాటిక్‌తో పోల్చి చూడండి. ముందు వైపు ప్రెజర్ బాగుండి వెనక వైపు కూడా ఎక్కువే ఉందంటే గాలికి బయటికి పోయే దారి లేదు. అప్పుడు కౌలింగ్ (ఇంజిన్ మీది తొడుగు) అడుగున గాలి బయటికి పోయే ఎగ్జిట్ పెంచాలి, లేదా క్లైంబ్‌లో తెరుచుకునే కౌల్ ఫ్లాప్ పెట్టాలి. ఎగ్జిట్ అంచున కిందికి వంగిన చిన్న రేకు పెట్టినా అక్కడ సక్షన్ పెరుగుతుంది. ముందు వైపే ప్రెజర్ లేకపోతే తప్పు డక్టులో ఉంది. రంధ్రం నుంచి రేడియేటర్ ముఖానికి డక్టు ఒక్కసారిగా విచ్చుకుంటే గాలి గోడని వదిలేసి సుడులు తిరుగుతుంది. నెమ్మదిగా విచ్చుకోవాలి. జాగా లేకపోతే డక్టులో పలకలు నిలబెట్టి గాలిని పంచాలి. గాలిని రేడియేటర్ ముందు నెమ్మదింపజేసి, వెనక మళ్లీ వేగం పెంచి వదలాలన్నది పాత విద్యే. 1930లలో బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో మెరెడిత్ అనే ఇంజనీరు దీన్ని లెక్కలతో సహా చూపించాడు. మస్టాంగ్ యుద్ధ విమానం పొట్ట కింద కనిపించే పొడవాటి డక్టు ఆ ఆలోచనే.

ఇక మా వాడి సంగతి. రేడియేటర్ ముందూ వెనకా తేడా అంగుళంన్నర కూడా లేదు. ఆ రాత్రి హ్యాంగర్‌లో లైట్లు ఆపేసి, డక్టు లోపల టార్చి పెట్టి, వెనక నుంచి చూశాం. రేడియేటర్ చుట్టూ నాలుగు వైపులా వెలుతురు గీతలా కనబడింది. డక్టుకీ రేడియేటర్‌కీ మధ్య ఆరు మిల్లీమీటర్ల సందు. వాడినవి కారు ఏసీ ఎవాపరేటర్లు రెండు. రోటరీ విమానాల వాళ్లు చాలామంది వీటినే రేడియేటర్లుగా వాడతారు. ఒక్కోదాని చుట్టుకొలత 96 సెంటీమీటర్లు. ఆరు మిల్లీమీటర్ల సందు అంటే రెండింటికీ కలిపి 115 చదరపు సెంటీమీటర్లు! వచ్చిన గాలికి కష్టపడి రేడియేటర్‌లో దూరాల్సిన అవసరమే లేదు. సిలికాన్ పూసిన గుడ్డ పట్టీతో చుట్టూ మూసేశాం. అంతే. తర్వాతి క్లైంబ్‌లో 11 డిగ్రీలు తగ్గింది.

ఇంకో మాట. చలికాలంలో టెస్ట్ చేసి బాగుందని మురిసిపోకండి. థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌కి రేడియేటర్ దారి తెరిచే వాల్వు) పూర్తిగా తెరుచుకున్నాక బయటి గాలి ఒక డిగ్రీ పెరిగితే కూలెంట్ కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. 15 డిగ్రీల రోజున క్లైంబ్‌లో 90 చూస్తే, 40 డిగ్రీల రోజున 115 చూస్తారు. అమెరికాలో సర్టిఫికేషన్ లేని ఇంజిన్‌తో మొదటి దశ టెస్ట్ ఫ్లైట్లు సాధారణంగా 40 గంటలు చేయాలి. ప్రతి ఫ్లైట్‌లో బయటి ఉష్ణోగ్రత పక్కనే కూలెంట్‌ది కూడా రాసుకోండి.

లక్షణం: గాలి బాగానే అందుతోంది, అయినా వేడి తగ్గదు. రేడియేటర్ ముందూ వెనకా కూలెంట్ తేడా 20 దాటింది

కూలెంట్ తిరగడం లేదు. మొదట థర్మోస్టాట్ చూడండి. "అడ్డం ఎందుకు" అని చాలామంది పీకేస్తారు. మాజ్డా థర్మోస్టాట్ రేడియేటర్ దారి తెరిచేటప్పుడు తన అడుగున ఉన్న పళ్లెంతో బైపాస్ దారిని మూస్తుంది. థర్మోస్టాట్ లేకపోతే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొంత కూలెంట్ రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగి వెళ్లిపోతుంది. థర్మోస్టాట్ తీసేయాలనుకుంటే బైపాస్ రంధ్రానికి బిరడా బిగించాల్సిందే.

రెండోది ఎవాపరేటర్ల గొట్టాలు. అవి గ్యాస్ కోసం చేసినవి, సన్నగా ఉంటాయి. కోసేసి, లావు గొట్టాలు వెల్డింగ్ చేయించుకోవాలి. రెండు ఎవాపరేటర్లనీ ఒకదాని తర్వాత ఒకటి కలిపితే పంపు మీద భారం పెరుగుతుంది, పక్కపక్కన సమాంతరంగా కలపండి.

మూడోది పంపు సక్షన్. ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర పంపు నోటి దగ్గర ప్రెజర్ పడిపోతే అక్కడే బుడగలు పుట్టి తోయడం మానేస్తుంది. ఆర్‌పీఎం పెంచినకొద్దీ వేడి పెరిగి, తగ్గించగానే కుదుటపడితే ఇదే కారణమని అనుమానించండి. సక్షన్ వైపు హోస్ లోపలికి పీల్చుకుపోతోందా చూడండి. పోతుంటే లోపల స్ప్రింగ్ పెట్టాలి. హెడర్ ట్యాంకు (కూలెంట్ నింపే చిన్న ట్యాంకు) అడుగు నుంచి పంపు సక్షన్‌కి నేరుగా ఒక లైను వేయాలి. దానితోనే చాలా వరకు సరిపోతుంది.

నాలుగోది గాలి బుడగలు. హెడర్ ట్యాంకు మొత్తం సిస్టమ్‌లో అన్నిటికంటే ఎత్తున ఉండాలి. ఇంజిన్ పైభాగం నుంచి, ప్రతి రేడియేటర్ పైభాగం నుంచి సన్నటి గొట్టాలు ట్యాంకులోకి రావాలి. విమానం తోక ఆనుకుని నిలబడే రకమైతే నేల మీద ఎత్తున ఉన్న చోటు గాల్లో ఎత్తున ఉండకపోవచ్చు. రెండు భంగిమల్లోనూ చూసుకోండి.

లక్షణం: ట్యాక్సీ చేస్తుంటేనే (నేల మీద నడుపుతుంటేనే) వేడెక్కుతుంది

ప్రొపెల్లర్ గాలి రంధ్రాల్లోకి సరిగ్గా రావడం లేదు, అంతే. గాలికి ఎదురుగా నిలబెట్టి రన్-అప్ (టేకాఫ్ ముందు ఇంజిన్ పరీక్ష) చేయండి, లైన్లో ఎక్కువసేపు నిలబడాల్సి వస్తే ఇంజిన్ ఆపేయండి. ఇంజిన్ ఆపాక గేజ్ కాసేపు పైకి పోవడం మామూలే, టెన్షన్ పడక్కర్లేదు.

లక్షణం: ఎత్తుకి పోయాక కూలెంట్ బయటికి చిమ్ముతుంది

రేడియేటర్ మూత బయటి గాలి ప్రెజర్‌ని బట్టి పనిచేస్తుంది. సముద్ర మట్టం దగ్గర గాలి ప్రెజర్ 14.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 10,000 అడుగుల దగ్గర 10.1. అందుకే 13 పీఎస్ఐ మూతతో నీళ్లు కింద దాదాపు 119 డిగ్రీల దాకా మరగకుండా ఆగితే, పైన 113, 114 దగ్గరే మరుగుతాయి. సగం గ్లైకాల్ కలిపితే మరో ఐదారు డిగ్రీలు వెసులుబాటు దొరుకుతుంది. మూతని హెడర్ ట్యాంకు మీదే పెట్టాలి. పంపు నేరుగా తోసే వైపు పెడితే పంపు ప్రెజరే దాన్ని తెరిచేస్తుంది. ట్యాంకులో కొంత గాలి జాగా వదలండి, వేడికి పొంగే కూలెంట్‌కి చోటు ఉండాలి. మూతని చేతి పంపుతో టెస్ట్ చేయండి. కొత్తవి కూడా ముందే వదిలేస్తుంటాయి.

లక్షణం: కూలెంట్ బాగుంది, ఆయిల్ మాత్రం 110 దాటుతోంది

రోటర్లని లోపలి నుంచి చల్లబరిచేది ఆయిలే. మొత్తం మోయాల్సిన వేడిలో మూడో వంతు దాకా దాని మీదే పడుతుంది. అదే పవర్ పిస్టన్ ఇంజిన్‌కి సరిపోయే ఆయిల్ కూలర్ దీనికి చాలదు. కూలర్ పెద్దది చేయండి, దానికి విడిగా డక్టు ఇవ్వండి. రేడియేటర్ వదిలేసిన వేడి గాలిని ఆయిల్ కూలర్‌కి పెట్టినవాళ్లని చూశాను, అలా చేయొద్దు. రోటరీ ఎగ్జాస్ట్ 900 డిగ్రీలు దాటుతుంది. ఆ గొట్టం కూలర్‌కో, హోస్‌కో దగ్గరగా పోతుంటే మధ్యలో రేకు అడ్డం పెట్టండి.

లక్షణం: చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషానికే కూలెంట్ ప్రెజర్ ఎగబాకుతుంది

కూలెంట్ ఇంకా వేడెక్కలేదు, ప్రెజర్ ఎక్కడి నుంచి వస్తుంది? మంట గ్యాసు నుంచి. హెడర్ ట్యాంకులో ఆగకుండా బుడగలు, స్టార్ట్ చేయగానే తియ్యటి వాసనతో తెల్లటి పొగ, రోజుకింత తగ్గే కూలెంట్ కూడా ఉంటే సీళ్లు పోయినట్టే, లేదా ప్లగ్ రంధ్రం దగ్గర హౌసింగ్ చీలినట్టు. నిర్ధారించుకోవడానికి ఇంజిన్ చల్లారాక సిస్టమ్‌కి ప్రెజర్ పెట్టి, ప్లగ్గులు తీసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున రోటర్‌ని చేత్తో తిప్పితే ప్లగ్ రంధ్రం నుంచి కూలెంట్ చుక్కలు రాలతాయి. దీనికి లీకు ఆపే మందుల డబ్బాలు పోసి సరిపెట్టుకోవద్దు. ఇంజిన్ విప్పాల్సిందే.

లక్షణం: ఎగురుతుండగా కూలెంట్ ఉష్ణోగ్రత ఉన్నట్టుండి పడిపోతుంది

అన్నిటికంటే ప్రమాదం ఇదే. హోస్ ఊడి కూలెంట్ పోయిందంటే సెన్సార్ చుట్టూ మిగిలేది గాలే. సూది కిందికి దిగుతుంది, చూసేవాడికి ఇంజిన్ చల్లబడినట్టు కనబడుతుంది. కూలెంట్ ప్రెజర్ గేజ్ తప్పనిసరి అన్నది అందుకే. లీకు మొదలైన వెంటనే చెప్పేది అదొక్కటే. దానికో స్విచ్, ప్యానెల్ మీద ఎర్ర లైటు పెట్టండి. ప్రెజర్ సున్నాకి పడిపోతే ఉష్ణోగ్రత గేజ్ ఏం చెప్పినా నమ్మకండి, పవర్ తగ్గించి దగ్గర్లో ఉన్న రన్‌వేకి తిరగండి. వేడికి హౌసింగులు రోటర్ నుంచి దూరంగా వ్యాకోచిస్తాయి కాబట్టి రోటరీ సాధారణంగా వెంటనే బిగుసుకుపోదు, తక్కువ పవర్‌తో కొంతసేపు తిరుగుతుంది. దిగాక ఇంజిన్ విప్పాల్సి వస్తుంది, కానీ మీరు దిగగలుగుతారు. మా వాడి ప్యానెల్ మీద ఆ ఎర్ర లైటు ఎయిర్‌స్పీడ్ మీటర్ పక్కనే, చూపు దాటిపోని చోట పెట్టించాను.