పాత ఫొటోలో ఆవిరి ఇంజను ఏదో తేలడం లేదా? ముందు పట్టాల మధ్య చూడండి

సమస్య: ఎన్ని జాబితాలు తిరగేసినా ఇంజను తరగతి దొరకడం లేదు.

గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, చూడకుండా వెతుకుతున్నారన్నమాట. అందరూ వదిలేసేది ఇదే. బ్రాడ్‌గేజి 1676 మి.మీ., అంటే ఐదడుగుల ఆరంగుళాలు, దాదాపు మనిషి నిలువెత్తు. మీటరు గేజి నడుము దాకా వస్తుంది. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్ళిన చిన్న బండి లైను 762 మి.మీ., తొడ పైభాగం దాకా. పట్టాల మధ్యనో పక్కనో నిలబడ్డ మనిషితో పోల్చండి. అతను నిలబడ్డ చోటే కొలవాలి, వెనకాల పట్టాలు దగ్గరపడ్డట్టు కనిపిస్తాయి.

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మీటరు గేజి ఎన్నడూ లేదు. ఎవరైనా రాయగడలో తీసిన వైపీ (మీటరు గేజి తరగతి) ఇంజను అంటే ఫొటో నాందేడ్ వైపుదేమో అడగండి. వెనక బరంపురం అని రాసి ఉన్నా ఆగి చూడండి, బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలోనూ ఆ పేరుతో ఊరుంది.

సమస్య: చక్రాల లెక్క కుదరడం లేదు.

ముందు రాడ్డు తగిలించిన పెద్ద చక్రాలు లెక్కపెట్టండి, తర్వాతే చిన్నవి. క్యాబు (డ్రైవరు నిలబడే గది) కింద చక్రం నీడలో మునిగిపోతుంది, స్కాన్‌లో నీడల భాగం వెలుగు పెంచితే బయటపడుతుంది. టెండరు (వెనక తగిలించిన బొగ్గు, నీళ్ళ బండి) చక్రాలు ఈ లెక్కలోకి రావు. బ్రాడ్‌గేజి తరగతుల్లో డబ్ల్యూపీ 4-6-2, డబ్ల్యూజీ 2-8-2, అంటే ముందు చిన్నవి, రాడ్డువి, వెనక చిన్నవి, రెండు వైపులవీ కలిపి. ఒక్క చక్రం తప్పితే తరగతే మారిపోతుంది.

సమస్య: నంబరు స్పష్టంగా ఉంది, జాబితాలో మాత్రం వేరే ఇంజను వస్తోంది.

బాగా చూసేవాళ్ళనూ బోల్తా కొట్టించేది ఇదే. 1957లో దేశమంతటికీ ఒకే నంబర్ల పద్ధతి తెచ్చారు. అంతకుముందు ఏ రైల్వే నంబర్లు దానివే కాబట్టి, ఒకే నంబరు రెండు మూడు రైల్వేల్లో ఉండొచ్చు. బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్ఆర్) ఎన్ తరగతి గారట్ (రెండు ఇంజన్లు జోడించినట్టుండే రకం) 815 ఆ తర్వాత 38815 అయింది. ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఉన్నది అదే. చివరి అంకెలు అన్ని తరగతులకూ ఇలా నిలుస్తాయని మాత్రం అనుకోవద్దు.

అందుకే నంబరు వెతికే ముందు ఫొటో కాలం తేల్చుకోవాలి. టెండరు మీద ఈస్టర్న్ రైల్వే అక్షరాలుంటే 1952 ఏప్రిల్ 14 తర్వాతిది. సౌత్ ఈస్టర్న్ అయితే 1955 ఆగస్టు 1 తర్వాతిది. బీఎన్ఆర్ అక్షరాలు ఒక్కటే చూసి 1952కు ముందుదని తీర్మానించకండి. మళ్ళీ రంగు వేసేదాకా పాత అక్షరాలు అలాగే ఉండిపోవచ్చు.

ఇంకో చిక్కు, టెండరు మీది నంబరు. వర్క్‌షాపులో ఒక ఇంజను టెండరును ఇంకోదానికి తగిలించడం అప్పట్లో మామూలే. క్యాబు పక్కన పోతపోసిన పలక మీది నంబరునే నమ్మండి. తయారీ కంపెనీ పలక మీదది ఫ్యాక్టరీ వరస నంబరు, రైల్వే నంబరు కాదు. రైల్వే నంబరు మారినా అది మారదు, తయారైన సంవత్సరం కూడా అక్కడే దొరకవచ్చు. వీలైతే ముందు దాన్నే చదవండి.

సమస్య: అన్నీ సరిపోయినా బొమ్మ తేడాగా ఉంది.

నెగటివ్ తిరగేసి ప్రింటు వేసి ఉండొచ్చు. అక్షరాలు కనిపించకపోతే మనుషుల చొక్కా జేబు చూడండి, ఎడమ రొమ్ము మీద ఉండాలి. అరువు ఇంజన్లు, ట్రయల్ ఇంజన్లు వంటివి అరుదు, ఇవన్నీ చూశాకే అటు వెళ్ళండి.