గని మట్టిగుట్టను పచ్చగా మార్చడం, కలుపును ఆపడం ఎలా?

ఓపెన్‌కాస్ట్ గనిలో, అంటే నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే గనిలో, బొగ్గు కంటే ముందు బయటికొచ్చేది మట్టీ, రాయీ. రామగుండం, భూపాలపల్లి, మణుగూరు వైపు రోడ్డు మీంచి కనిపించే ఓబీ (ఓవర్‌బర్డెన్, అంటే బొగ్గుపై నుంచి తీసిపోసిన మట్టి, రాయి) గుట్టలు అవే. వాటిని పచ్చబరచే పని మొక్కలు నాటే రోజున మొదలవుతుందనుకుంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఖాళీగా వదిలిన నేలను వయ్యారిభామ, సర్కారు తుమ్మ ఊరికే వదలవు. అందుకే నేల బాగుచేతకూ కలుపు నివారణకూ ఒకే ప్లాన్ ఉండాలి.

1. పైమట్టిని కాపాడుకోండి

తవ్వకానికి ముందు ఆ స్థలంలో ఏ కలుపు ఎక్కడుందో నడిచి చూసి మ్యాపులో గుర్తు పెట్టుకోండి. వయ్యారిభామ ఉన్నచోట పైమట్టిలో దాని విత్తనాలు వేలకొద్దీ ఉంటాయి. ఆ మట్టిని వేరే కుప్పగా పోయించండి, మంచి మట్టితో కలపనివ్వద్దు. కుప్పలు ఎత్తుగా వేస్తే లోపలి మట్టికి గాలి అందక జీవం పోతుంది. తక్కువ ఎత్తులో వేసి, వెంటనే జనుము గానీ పిల్లిపెసర గానీ చల్లేయండి. వీలైతే నిల్వే పెట్టకుండా, సిద్ధమైన గుట్టపైకి నేరుగా తరలించడం అన్నిటికంటే మేలు.

2. వాలు, నీరు

గుట్ట మొత్తం వాలు 28 డిగ్రీలు దాటకుండా మెట్లుగా దిద్దించండి. చుట్టూ కాలువ, అడుగున రాతికట్ట, కాలువ చివర బురద తేరే గుంట ఉండాలి. ఇవి లేకపోతే మొదటి పెద్దవానకే పైమట్టి పక్క పొలాల పాలవుతుంది.

3. ముందు గడ్డి, తర్వాత చెట్టు

మట్టి పరీక్ష చేయించి, ఆమ్లగుణం ఉంటే సున్నం వేయండి. తొలకరికి స్టైలో అనే మేత మొక్క, అంజన్ గడ్డి విత్తనాలు చల్లి, వాలు అంచుల్లో వట్టివేరు నాటండి. నేలను గడ్డి కప్పేస్తే కలుపుకు చోటుండదు. గనులు తవ్విన నేలలో పశువుల మేతకు పనికొచ్చేలా గడ్డి పెంచాలన్న షరతు పెట్టమని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది కూడా.

గడ్డి కుదురుకున్నాక వేప, కానుగ, నారేప, రేల, ఉసిరి, వెదురు కలిపి నాటండి. త్వరగా పెరుగుతుందని సుబాబుల్ జోలికి పోవద్దు, చివరికి అదే కలుపవుతుంది. గుంతల్లో వేసే పశువుల ఎరువు బాగా మాగి ఉండాలి. పచ్చి ఎరువుతో కలుపు విత్తనాలను మనమే మోసుకొచ్చినట్టవుతుంది.

4. కలుపు మీద అసలు పని

వయ్యారిభామ మొలిచిన కొత్తలో క్యారెట్ ఆకుల్లాంటి ఆకులతో నేలకు అతుక్కుని ఉంటుంది. తెల్ల పూలు రాకముందే, వాన పడి నేల మెత్తబడ్డప్పుడు వేరుతో సహా పీకించాలి. ఒంటికి తగిలితే దురద, పుప్పొడితో ఆయాసం వస్తాయి కాబట్టి చేతితొడుగులు, మాస్కు లేకుండా కూలీలను దింపకండి. పూత రాకముందు పీకినవి కంపోస్టుకు పనికొస్తాయి. పూసినవాటిని లోతుగా పూడ్చేయాలి. బొగ్గు ముక్కలు కలిసిన గుట్టపై మాత్రం నిప్పు పెట్టొద్దు, లోపల అంటుకుంటే ఆర్పడం మహా కష్టం. ఈ మొక్కను తినే మెక్సికన్ పెంకుపురుగును 1984లో మన దేశంలో వదిలారు. అది వానాకాలంలోనే చురుగ్గా ఉంటుంది, దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు.

సర్కారు తుమ్మ సంగతి వేరు. పైన నరికితే మొదలు నుంచి గుబురుగా చిగురిస్తుంది. మొదలుతో సహా తవ్వి తీసి, ఆ గుంతలో అప్పుడే వేరే మొక్క పెట్టండి. దీని కాయలు తిన్న మేకలు, పశువులు పేడలో విత్తనాలు వదులుతాయి. అందుకే మొక్కలు ఎదిగేదాకా మేత ఆపి, ఊరివాళ్లకు గడ్డి కోసుకెళ్లే వీలు కల్పించండి. మట్టి లారీల టైర్లు కడిగాకే లోపలికి రానివ్వండి.

5. కాంట్రాక్టులో రాయాల్సింది

నాటిన మొక్కల లెక్కకు డబ్బు చెల్లిస్తే నాటడంతోనే పని ఆగిపోతుంది. కనీసం మూడేళ్లు కలుపుతీత, చనిపోయిన చోట మళ్లీ నాటడం ఒప్పందంలోనే ఉండాలి. బతికిన మొక్కలను లెక్కపెట్టాకే బిల్లు ఇవ్వండి.