కృష్ణలో గాలం పోటీకి దిగే ముందు

అన్నిటికన్నా ముందు ప్రకాశం బ్యారేజీ గేట్ల సంగతి కనుక్కోండి. ఎగువ నుంచి వరదొస్తే ఉన్న 70 గేట్లలో కొన్ని ఎత్తినా చాలు, దిగువన ఇసుక తిన్నె మీద కూర్చున్నవాళ్ల చుట్టూ నీళ్లు ఎప్పుడు చేరాయో కూడా తెలియదు, ప్రైజు సంగతి తర్వాత, గట్టెక్కేయండి. కార్బన్ రాడ్డు కరెంటు తీగల కింద ఎత్తొద్దు. ఉరిమితే కింద పడేసి దూరం జరగండి.

ఎర దగ్గర తొందర వద్దు. తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ఉండలు మొదట్లోనే గంపెడు విసిరితే చేపల కడుపు నిండిపోతుంది, ఇక మీ గాలం వైపు చూడవు (చాలామంది ఓడేది ఇక్కడే), కాబట్టి కొంచెం కొంచెంగా, ఒకే చోట వేయండి. ఎర్రమోసు చేప అడుగున మేస్తుంది, ఎర అక్కడిదాకా దిగాలంటే నీటి మీద తేలే బెండు కట్టేముందు లోతు కొలవాలి. బొచ్చె చేపకైతే ఎర పైపైన ఉండాలి.

చేపను తడి చేత్తోనే పట్టుకోండి, లేకపోతే ఒంటి మీది జిగురు పోతుంది. తూకం దాకా బతికుండాలా లేదా అన్న రూలు ముందే అడగండి. లైఫ్ జాకెట్, టోపీ, మంచినీళ్లు ఎలాగూ ఉండాల్సిందే.