పుస్తకం మూసి చెప్పించండి

హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మీడియం చదివే పిల్లవాణ్ని ఎవాపరేషన్ (ఆవిరి కావడం) అంటే ఏమిటని అడిగితే నిర్వచనం గడగడా అప్పజెబుతాడు. ఏప్రిల్ ఎండల్లో రంజన్‌లోని, అంటే మట్టికుండలోని నీళ్లు అంత చల్లగా ఎందుకుంటాయని అడిగితే మాత్రం చాలాసార్లు నీళ్లు నములుతాడు. అప్పజెప్పడానికీ అర్థం కావడానికీ మధ్య ఉన్న ఈ ఎడం బయటపడాలంటే, పాఠాన్ని ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో పిల్లల చేతనే చెప్పించాలి.

రోజుకు ఒక్క అంశం చాలు. పుస్తకం మూయించి, ఆ పాఠం తెలియనివాళ్లను వినడానికి కూర్చోబెట్టండి. నాయనమ్మో, రెండో తరగతి చదివే చెల్లెలో అయితే మరీ మంచిది, ఎందుకంటే అర్థం కాకపోతే వాళ్లు మొహమాటం లేకుండా అడిగేస్తారు. షరతు ఒక్కటే: పుస్తకంలోని పారిభాషిక పదం వాడకూడదు.

అప్పుడు "ఎవాపరేషన్ వల్ల చల్లబడుతుంది" అన్న జవాబు చెల్లదు. రంజన్ మట్టి గోడలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయనీ, వాటిగుండా నీరు బయటికి ఊరుతుందనీ, ఊరిన నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడిని కుండ నుంచీ లోపలి నీటి నుంచీ లాక్కుంటుందనీ, అందుకే మిగిలిన నీరు చల్లబడుతుందనీ వరుసగా చెప్పాల్సి వస్తుంది. ఆ వేడి ఎక్కడిదన్న ప్రశ్న దగ్గర పిల్లలు తరచుగా తడబడతారు. మనం వెతుకుతున్నది ఆ తడబాటునే కాబట్టి, అక్కడ జవాబు అందించకుండా కాసేపు ఆగి, పుస్తకంలో సరిగ్గా ఆ భాగాన్నే చదివించి, మళ్లీ మొదటి నుంచి చెప్పించండి. ఈ పద్ధతిలో పెద్దవాళ్లకు కష్టమైన పని ఏదైనా ఉందంటే, అది నోరు మెదపకుండా కూర్చోవడమే.

చెప్పడం వచ్చాక పరిస్థితి మార్చి అడగండి. స్టీలు బిందెలో నీళ్లు అలా ఎందుకు చల్లబడవు? మే నెలలో గదిని చల్లబరిచిన కూలర్ ఆగస్టు ముసురులో ఎందుకు ఉక్కపోత పెంచుతుంది? గాలిలో అప్పటికే తేమ నిండుగా ఉంటే నీరు త్వరగా ఆవిరి కాదని, ఎవరూ అందించకుండానే రంజన్‌తో ముడిపెట్టి చెప్పగలిగితే ఆ పాఠం ఇక వాడి సొంతం.

సాంఘికశాస్త్రానికీ ఇదే దారి. 1908లో మూసీకి వరద వచ్చిందనీ, మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయనీ బట్టీ పట్టిన అమ్మాయి చేత కాగితం మీద నది గీత గీయించి, ఆ జలాశయాలను నగరానికి ఎగువనే ఎందుకు కట్టారో చెప్పించండి.

తేలిక మాట తప్పు మాట కాకుండా చూసుకోవాలి. "మొక్క మట్టిని తిని పెరుగుతుంది" అన్నది ఎంత సులువుగా ఉన్నా నిజం కాదు; మొక్క తన ఒంటిని ప్రధానంగా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తోనూ నీటితోనూ కట్టుకుంటుంది. ఇలాంటి చోట వెంటనే సరిదిద్దండి, మీకే తెలియకపోతే ఆ మాట చెప్పి ఇద్దరూ కలిసి పుస్తకం చూడండి.

వివరణ కుదిరాక పక్కన పెట్టిన పారిభాషిక పదాన్ని మళ్లీ చెప్పించి, రాయించాలి; పరీక్షలో అడిగేది ఆ పదాన్నే. ఎక్కాలూ, స్పెల్లింగులూ, మూలకాల సంకేతాలూ మాత్రం ఈ పద్ధతికి లొంగవు, వాటిని వల్లె వేయించాల్సిందే.